చిన్నాయన టర్బో, అవ్వ కర్పూరం

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు నివేద లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. నివేద మహాబలిపురం రోడ్డు మీద ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తుంది. తన చిన్న పెట్రోలు కారుకు విడిగా టర్బో కిట్టు కొని బిగించుకోవాలని ఆమెకు ఏడాదిగా పట్టుదల. మూడు కిట్లు ఏరి పెట్టుకుంది. వాటిలో ఏది కొనాలో తేలడం లేదు. కొన్నాక బానెట్ కింద పుట్టే వేడిని ఏం చెయ్యాలో అంతకన్నా తేలడం లేదు. వ్యాసాలు రాసుకునే ముసలి అత్త దగ్గరికి ఇలాంటి సందేహంతో ఎవరూ రారు. కానీ మా కుటుంబంలో నా గురించి ఒక పుక్కిటి పురాణం తిరుగుతోంది.

“అత్తా, తాత వ్యానుకు టర్బో ఏరింది నువ్వేనంట గదా? నాన్న చెప్పినాడు. నిజమా, సుమ్మా ఉత్తుత్తి కథా?”

“నిజమే. దాన్ని చంపింది కూడా నేనే.”

ఆ పిల్ల పకపకా నవ్వి తెర నావైపు తిప్పింది. మూడింటిలోకీ పెద్దదాని మీద మనసు పడింది. దాని కింద రాసిన గుర్రాల లెక్క చూస్తే కారుకు కాదు, లారీకి సరిపోయేట్టుంది. నువ్వు రోజూ ఎంత వేగంతో పోతావే అని అడిగాను. “ఎక్కడ అత్తా, సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి. నలభై దాటితే పండగే” అంది. మరి నూట ఇరవైలో మేలుకునే టర్బో నలభైలో పోయే మనిషికి ఎందుకని అడిగితే లాప్‌టాప్ మూసేసింది. ఇంత చదివిన పిల్ల, కారు కొన్న రోజున నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. అప్పుడు నేను అరిస్తే “ఏదో ఒక నమ్మకం అత్తా, ఫ్రీయే గదా” అంది. నేను యాభై ఏళ్ళుగా ఆ నిమ్మకాయల మీద యుద్ధం చేస్తున్నాను. నిమ్మకాయలే గెలుస్తున్నాయి. ఆ రోజు ఆమెకు కిట్టు సంగతి చెప్పి పంపాను. చిన్నాయన సంగతి సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నాకు కాగితమే సులువు.

పెరంబూరులో రైల్వే వర్క్‌షాపు కూత వినపడే దూరంలో మా ఇల్లు. మూడు గదులు, ముందు ఇనుప గేటు, గేటు ముందు కాస్త వాలుగా దిగే వీధి. నాయన ఆ వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రం ఆయన ఇంట్లోకి రాకముందే ఆయన వాసన వచ్చేది. ఇనుప రజను, కందెన నూనె, చెమట. రంపపు పొట్టులో కాస్త సబ్బు కలిపి మోచేతుల దాకా రుద్దుకుంటే గానీ అన్నం ముట్టేవాడు కాదు. మా అమ్మ నా పసితనంలోనే పోయింది. నన్ను పెంచింది అవ్వ, నాయన కన్నతల్లి. ఆమె దగ్గర పసుపు, కర్పూరం, పొయ్యిలో కాలిన చింతకట్టె వాసన. ఇక చిన్నాయన చెంగల్రాయుడు వచ్చాడంటే వీధి అంతటికీ తెలిసేది. ఎన్నూరు చేపలు మోసే వ్యాను ఆయనది. బండి కడిగిన నీళ్ళు కాలవలో పడగానే ఏ గోడల మీది నుంచో పిల్లులన్నీ దిగి వరసగా కూర్చునేవి. అవ్వ వాటికి పేర్లు కూడా పెట్టింది.

నాయన దేవుడు లేడనే ఉద్యమం మనిషి. పురోహితుడు లేకుండా పెళ్ళి చేసుకున్నవాడు. ఆ పెళ్ళి గురించి అవ్వకు ఒకటే ఫిర్యాదు: “మంత్రాల్లేవు, సరే. ఆ ఉపన్యాసాలు మంత్రాలకంటే పొడుగు. అన్నం చల్లారిపాయ.” మా ఇంట్లో రాయని ఒప్పందం ఒకటుండేది. ముందు గది నాయనది. అక్కడ పుస్తకాలు, పత్రికలు తప్ప ఏ దేవుడి పటమూ ఉండకూడదు. వంటిల్లు అవ్వది. పొయ్యి పక్కన గూట్లో ఆమె దేవుళ్ళు, మసి పట్టి, ఎవరు ఎవరో గుర్తు పట్టడానికి లేకుండా ఉండేవాళ్ళు. వంటింటి గడప ఇద్దరికీ సరిహద్దు. తగువుకని నాయన దాన్ని ఎప్పుడూ దాటలేదు, అవ్వా దాటలేదు. గేటు ఎవరిదో మాత్రం తేలలేదు. చిన్నాయనకు ఈ రాజ్యాలు పట్టవు. అన్న మాట్లాడితే చప్పట్లు కొట్టేవాడు, అమ్మ కర్పూరం వెలిగిస్తే కళ్ళకద్దుకునేవాడు. ఇద్దరికీ ఓటేసే మనిషి.

నేను పుట్టింది ముందు గదిలో, పెరిగింది వంటింట్లో. పదిహేడేళ్ళకే మా వీధి చివరి పఠనాలయంలో ఆదివారం చర్చలకు లేచి మాట్లాడేదాన్ని. ఆధారం ఏది, చూపించు అనేది నా ఊతపదం. ఇంగ్లీషు చదవగలిగింది ఇంట్లో నేను, నాయన. నాయనకు తీరిక ఉండదు గనుక చిన్నాయన తన బండి కాగితాలన్నీ నా దగ్గరికే తెచ్చేవాడు. ఆయన అయిదో తరగతి దాటలేదు. కానీ ఇంజను చప్పుడు విని దానికి ఏం నొప్పో చెప్పేవాడు.

ఆయన నొప్పి వేరే. సాయంత్రం ఎన్నూరులో రొయ్యలు, చేపలు ఐసులో సర్ది బయలుదేరితే, చిత్తూరు దాటి, మొగిలి ఘాటు ఎక్కి, పొద్దు పొడిచేసరికి పలమనేరు వ్యాపారి ముందు దించాలి. చదును మీద ఆ వ్యాను గుర్రమే. ఘాటు మొదలైతే ఆవలించేది. కొత్త లారీలు వెనకనుంచి వచ్చి, హారను కొట్టి, దాటి పోయేవి. ముందు చేరిన చేపకే మర్యాద. వెనక చేరినదాన్ని వ్యాపారి వేలితో నొక్కి చూసి మొహం తిప్పుకునేవాడు. బండి పోతే చిన్నాయనకు మరో విద్య లేదు. అందుకే ఎవరో చెప్పగా ఆయనకు టర్బో పిచ్చి పట్టింది.

అది ఏమిటో నాకు మొదట చెప్పింది పుదుప్పేట తుక్కు బజారు మేస్త్రి కన్నియప్పన్. తమిళుడు. మా బోటి ఖాతాదారుల దగ్గర నేర్చుకున్న తెలుగు. ఇంజను వదిలే పొగ దోవలో ఒక చిన్న చక్రం పెడతారు, పొగ విసురుకు అది తిరుగుతుంది, అదే ఇరుసు రెండో కొసన ఇంకో చక్రం బయటి గాలిని అదిమి ఇంజనులోకి తోస్తుంది, గాలి పెరిగితే డీజిల్ బాగా మండుతుంది, ఆ ఇరుసు నూనె మీద తేలుతూ తిరుగుతుంది అని, టీ గ్లాసు, రెండు నట్లు పెట్టి చూపించాడు. వృథాగా పోయే పొగతో పని చేయించడం! నాయనతో చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయనకు అది కూడా ఒక సంస్కరణే.

పుదుప్పేటలో రెండు దొరికాయి. ఒకటి పెద్ద లారీ నుంచి ఊడదీసింది. రెండోది ఏదో విదేశీ చిన్న బండిది, కొబ్బరికాయంత. చిన్నాయన పెద్దదాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

“పాపా, చూడు ఎట్లుందో. ఏనుగు మాదిరి.”

“ఆమా, ఏనుగే” అని తలాడించాడు కన్నియప్పన్. “అన్నా, ఏనుగు లేసేదానికి టైమైతాది. నీ ఇంజను పొగ దానికి చాల్దు.”

“ఘాటులో గట్టిగా తొక్కితే?”

“ఘాటులో నువ్వు ఎంత స్పీడులో పోతావు?”

చిన్నాయనకు తెలియదు. ఆయన బండిలో స్పీడు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. చివరికి నేను నా ఊతపదం వాడాను. ఆధారం తెస్తాను, అంతదాకా రెండూ అమ్మకుండా పెట్టమన్నాను. తర్వాతి సెలవురోజు పొద్దున్నే ఐసు పెట్టెల్లో చేపలకు బదులు ఇసుక మూటలు నింపి, నేనూ చిన్నాయనా ఘాటు ఎక్కాం. ప్రతి మైలురాయి దగ్గరా ఏ గేరు, రాయికీ రాయికీ మధ్య ఎన్ని నిమిషాలు అని నోటుబుక్కులో రాశాను. కొండ మొత్తంలో ఆ బండి ఒక్కసారీ మూడో గేరు చూడలేదు. నెమ్మదిగా, ముక్కుతూ, ఎక్కువసేపు ఎక్కే బండికి త్వరగా మేలుకునే చిన్న చక్రమే కావాలి. చిన్నాయన నా నోటుబుక్కును తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, ఏనుగును వదులుకున్నాడు. నా జీవితంలో నేను గెలిచిన మొదటి వాదం అదే. తర్వాత చాలా గెలిచాను. ఏదీ అంత తియ్యగా లేదు.

టర్బో బిగించాక బండి కొండ మీద ఈల వేసేది. కానీ దాంతోపాటు నిప్పు కూడా వచ్చింది. ఆ వ్యానులో ఇంజను ముందు కాదు, డ్రైవరు సీటు పక్కనే, రేకు మూత కింద ఉంటుంది. వారం తిరిగేసరికి బ్యాటరీ తీగ తొడుగు కరిగి కారింది. చిన్నాయన ఎడమ తొడ కమిలిపోయింది. చేపల మనిషి గనుక ఆయనకు వేడి అనగానే తడిగోతాం గుర్తొచ్చింది. మూత మీద తడిపిన గోతాం పరిచాడు. బండి లోపలంతా ఆవిరి పట్టి, చిన్నాయన ఇడ్లీలా ఉడికి వచ్చాడు. నాయన ఆ రోజు చాలా నవ్వాడు. తర్వాత చొక్కా విప్పి బండి కింద దూరాడు.

“వేడిని దాయకూడదురా. దానికి దోవ చూపించాల” అన్నాడు.

పొగగొట్టానికి చుట్టే తాడు ఆయన వర్క్‌షాపులో చుట్టలు చుట్టలుగా ఉండేది. ఒక్క మూర తెమ్మని చిన్నాయన బతిమాలితే, అది రైల్వేది అని ఒక్కమాటతో కొట్టేశాడు. నేనూ ఆయనా బస్సెక్కి జార్జి టౌన్ పోయి, తోపుడుబళ్ళ మధ్య సందులు తిరిగి ఆ తాడు కొనుక్కొచ్చాం. అది ఆస్‌బెస్టాస్. ఒట్టి చేతులతో, ముక్కుకు గుడ్డైనా కట్టుకోకుండా చుట్టాం. ఆ పొడి ఊపిరితిత్తులకు విషమని మాకెవరికీ తెలియదు. అవ్వ అజ్ఞానాన్ని ప్రతి ఆదివారం ఎండగట్టే నేను నా అజ్ఞానాన్ని రెండు చేతులా పీల్చాను. తర్వాత నూనె డబ్బా కోసి ఒక రేకు అడ్డం పెట్టాం. గొట్టానికి ఆనించకుండా, మధ్యలో రెండు వేళ్ళ ఖాళీ వదిలాం. ఆ ఖాళీలో గాలి తిరగాలని నాయన పట్టు. ముందునుంచి గాలి దూరడానికి ఒక మూతి, వెనక నేలలో అది వెళ్ళిపోవడానికి ఒక కంత. తీగలను అవతలి పక్కకు మార్చాం. నాలుగు ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత మూత మీద చెయ్యి పెడితే ఉంచగలిగేవాళ్ళం. అవ్వ బయటికి వచ్చి, చెయ్యి పెట్టి చూసి, “అన్నం పెట్టే చట్టికి కూడా ఇంత చెయ్యరు మీరు” అని పోయింది.

ఇక ఆరతి. చిన్నాయన రోజూ పదకొండు గంటల వేళకు ఖాళీ బండితో, చివరి మైలు కూడా తొక్కుకుంటూ వచ్చేవాడు. వీధి మలుపులో హారను వినపడగానే అవ్వ ఇత్తడి పళ్ళెంలో ఎర్రనీళ్ళు, కర్పూరం పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. ఇంజను ఆపకూడదని ఆమె శాసనం. ఆ బండి చేతిబ్రేకు పేరుకే. వీధి వాలు గనుక ఇంజను ఆడుతున్నంతసేపూ చిన్నాయన బ్రేకు మీంచి కాలు తీయడానికి లేదు. అలా ఆయన ఎండలో కూర్చునుంటే, అవ్వ మోకాలి నొప్పితో బండి చుట్టూ మూడు చుట్లు నెమ్మదిగా తిరిగి, నీళ్ళు ముందు చక్రం దగ్గర పోసి, “ఇంక దిగు” అనేది. మూడు నిమిషాల తంతు. ఒక ఆదివారం నేను పఠనాలయంలో బండ్లకు, యంత్రాలకు చేసే పూజల మీద మండిపడి మాట్లాడాను. చప్పట్లు బాగా పడ్డాయి. వెనక వరసలోంచి ఒక తెలుగు మేష్టారు లేచి, “అమ్మాయీ, మీ ఇంటి బండికి రోజూ ఆరతి ఇస్తున్నారు. ముందు అక్కడ మాట్లాడి రా” అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. తిన్నగా ఇంటికి వచ్చి వంటింటి గడప దాటాను. యుద్ధానికి దాటడం అదే మొదలు.

“అవ్వా, బండికి ఆరతెందుకు?”

“దిష్టి.”

“దిష్టంటే ఏంది?”

“నువ్వు ఇట్లా గుచ్చి గుచ్చి అడిగేదాన్నే దిష్టంటారు.”

“ఇంజను ఎందుకు ఆపకూడదు?”

“ఆగిన బండికి ఆరతిస్తే ఆడనే ఆగిపోతాది.”

“ఆధారం?”

“నేనే.”

అరగంట వాదించాను. గొంతు పెంచాను. మీవల్ల నాకు బయట తలవంపులని కూడా అన్నాను. అవ్వ బియ్యం ఏరడం ఆపింది. తర్వాత కర్పూరం డబ్బా మూత బిగించి గూట్లో వెనక్కి తోసింది.

“సరేలే. మీ నాయన పెండ్లికి మంత్రాలొద్దన్నాడు, ఒప్పుకుంటి. నువ్వు బండికి కర్పూరం ఒద్దంటాండావు. ఒప్పుకోక యాడికి పోయేది?”

అంత సులువుగా ఒప్పుకోవడం నాకు వింతగా ఉండాల్సింది. గెలిచిన మనిషికి వింతలు కనపడవు. చిన్నాయన మాత్రం సంతోషించాడు. “అంటే ఇంక గేటు కాడ కూర్చోబన్లేదా? బతికించినావు పాపా, ఆ ఎండలో కాలు ఉడికిపోతాంది” అన్నాడు. ఆ మర్నాటి నుంచి బండి వచ్చీ రాగానే గేరులో వేసి, ఇంజను ఆపి దూకేసేవాడు.

నాలుగు నెలలు గడిచాయి. వేసవి నడిమధ్యలో ఒక రోజు పదకొండుకు బండి రాలేదు. మర్నాడు మధ్యాహ్నం నత్తలా వచ్చింది. చిన్నాయన మొహాన నీలం పొగ మసి. “ఘాటు మధ్యలో ఈల ఏడుపైపాయ పాపా. ఆ తర్వాత ఒకటే పొగ” అన్నాడు. ఐసు కరిగి, సరుకు మెత్తబడి, అంతా పారబోయాల్సి వచ్చింది. వ్యాపారి వారం గడువిచ్చాడు. ఈలోగా బండి బాగుపడి మునుపటి వేళకు రాకపోతే ఇంకో బండి పెట్టుకుంటానన్నాడు. చిన్నాయన ఆ రోజు అన్నం కెలికి లేచిపోయాడు. అలా లేవడం నేనెప్పుడూ చూడలేదు.

పుదుప్పేటలో కన్నియప్పన్ టర్బోను విప్పి ఇరుసు బయటికి తీశాడు. నూనె ఉండాల్సిన చోట చట్టి అడుగున మాడిన పులుసులా నల్లటి పెచ్చు.

“అన్నా, వచ్చి నిలబెట్టగానే ఆపేస్తాండావా? బిగించిన దినమే చెప్పినా గదా. దూరం తొక్కొచ్చినాక రెండు మూడు నిమిషాలు ఊరికే ఆడనీ, నూనె పారి దాన్ని చల్లార్చాల అని. తాడు వేరే చుట్టినావు, వేడంతా లోపలే. ఆపితే నూనె ఆడనే మాడిపోదా?”

“చెప్పినావులే” అన్నాడు చిన్నాయన. “ఇంటికాడ ఆరతికి ఎట్లాగూ నిలబడేదే గదా అని...” అక్కడ ఆగి, నావైపు చూడకుండా, “నూనె మంచిది గాదేమోలే” అన్నాడు. నన్ను కాపాడాలని ఆయన ఆ మేస్త్రి ముందు తెలివితక్కువవాడిలా నిలబడ్డాడు. నాకు అర్థమైంది. నాలుగు నెలల్లో ఆ బండికి సంబంధించి మారింది ఒక్కటే. మార్చింది నేను.

నాయనకు చెప్పాను. ఆయన తిట్టలేదు. “తప్పు ఒప్పుకోలేకపోతే వాళ్ళకీ మనకీ తేడా ఏముందమ్మా? ఆదివారం ఆడనే చెప్పు” అన్నాడు. చెప్పాను. చెప్పీ చెప్పగానే ఆ మేష్టారు ఎగిరి లేచాడు. చూశారా, మన పెద్దల ఆచారంలో ఎంత విజ్ఞానం దాగి ఉందో అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “మా అవ్వ ఇదివరకు మా చిన్నాయన సైకిలుకు కూడా ఆరతిచ్చింది. సైకిల్లో ఏ నూనె మాడిందండీ? నేను ఆచారం మాన్పించడం తప్పు కాదు, దానివల్ల ఏం జరుగుతోందో కొలిచి చూడకుండా మాన్పించడం తప్పు. ఘాటు ఎక్కి కొలిచినదాన్ని, గేటు దగ్గర కొలవలేదు” అన్నాను. ఈసారి చప్పట్లు మునుపటికన్నా ఎక్కువ. ఆ ఊపులోనే ఇంటికి వచ్చి అవ్వకు మొత్తం వినిపించాను. అవ్వ తీరిగ్గా విన్నది.

“వాడెవుడో మేష్టరు చెప్పినట్టూ గాదు, నువ్వు చెప్పినట్టూ గాదు. మీ చిన్నాయన తాగొచ్చినాడేమో చూసేదానికే, పాపా.”

అవ్వ బియ్యం చేట ముందుకు లాక్కుంది.

“మీ తాత హార్బరు కాడ తోపుడుబండి తోసేవాడు గదా. ఇంటికి రాంగానే తిన్నగా కొళాయి కాడికి పోయి నోరు పుక్కిలించేవాడు. ఎన్నేండ్లు మోసపోతినో. తెలిసేసరికి ఆ మనిషి లేడు. అందుకే వీణ్ణి దిగనీను. ఇంజను ఆడతా ఉంటే వాడు కాలు తీయలేడు. కర్పూరం ముందర కన్ను దాయలేడు. మూడు చుట్లలో మూడుసార్లు కిటికీ కాడ నా ముక్కు పోతాది. సామి పేరు చెప్తే వానికి కోపం రాదు. తల్లికి అనుమానమంటే వస్తాది.”

“మరి నేను వద్దన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు అడిగింది సామిని గురించి. నా కొడుకుని గురించి ఎవురడిగినారు?”

ఈ నాలుగు నెలల్లో ఏమైనా, అని నసిగాను. అవ్వ చేటలోకి వంగింది. “రెండుసార్లు. లవంగం నమిలొచ్చినాడు” అంది.

నేను ఇన్నేళ్ళలో మూఢనమ్మకాల మీద రాసిన వ్యాసాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. వాటిలో ఏ వాక్యాన్నీ వెనక్కి తీసుకోను. దిష్టి లేదు, కర్పూరానికి శక్తి లేదు. కానీ ఆ రోజు తర్వాత ఎవరి ఆచారాన్నైనా ముట్టే ముందు, ఇది లేకపోతే నీకేం భయమమ్మా అని అడగడం నేర్చుకున్నాను. తన కొడుకును సూటిగా ఒక మాట అడిగే చొరవ లేని ఆడది దేవుణ్ణి అడ్డం పెట్టుకుంది. నేను దేవుణ్ణి తీసేశాను, చొరవ ఇవ్వలేదు. ఇప్పుడు నివేద కొనే కిట్టుతో ఒక టైమరు వస్తుందట. తాళం తీసుకుని మనిషి లిఫ్టెక్కి పైకి పోవచ్చు, కారు కింద తనంతట తనే రెండు నిమిషాలు ఆడి ఆగిపోతుంది. టర్బో ఒంట్లో నీళ్ళు పారతాయి, వేడి ఎంతో ఫోనులో కనపడుతుంది, చుట్టే పట్టీలో విషం లేదు. అన్ని విధాలా మేలైన కాలం. పాతదే బాగుండేదని రాయడానికి నా చెయ్యి రాదు. నివేదను వాళ్ళమ్మ సూటిగా అడుగుతుంది, నివేద సూటిగా జవాబు చెబుతుంది. అదీ మేలే. అయితే ఆ అపార్ట్‌మెంటులో బండి వచ్చిన చప్పుడుకు ఎవరూ బయటికి రానక్కర్లేదు. ఆ ఖాళీని నేను దేనితోనూ కొలవలేకపోతున్నాను.

అప్పట్లో వ్యాపారి ఇచ్చిన వారం గడువులోపలే కన్నియప్పన్ ఇంకో చిన్న టర్బో వెతికి బిగించాడు. మొదటి ప్రయాణం నుంచి బండి తిరిగొచ్చే రోజు పొద్దున నేను అవ్వ దగ్గరికి పోయి, కావాలంటే పళ్ళెం తెచ్చుకో అవ్వా, నేనేమీ అననులే అన్నాను. పెద్ద మనసు చేసుకున్నాననే అనుకున్నాను.

“ఒద్దన్నావు, మానేసినా. ఇప్పుడు మీ నూనె చల్లారాల, రా అంటే వచ్చేదానికి సామేమన్నా మీ బండి క్లీనరా?”

పదకొండుకు వీధి మలుపులో హారను మోగింది. నాయన చేతిగడియారం అడిగి పుచ్చుకుని నేను గేటు దగ్గర నిలబడ్డాను. సరుకు వేళకు చేరిందని చిన్నాయన మొహం చూడగానే తెలిసింది. కాలు బ్రేకు మీద పెట్టి, ఇంజను ఆడుతుండగా, లెక్క మొదలుపెట్టమని నాకు సైగ చేశాడు. అప్పుడు అవ్వ బయటికి వచ్చింది. ఉత్త చేతులు. చుట్టూ తిరగలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి పోయి రేకు మీద మోచెయ్యి ఆనించింది.

“ఏందమ్మా అట్లా చూస్తాండావు?”

“తాగినావేమో అని చూస్తాండా.”

చిన్నాయన మొహంలో రంగు మారింది. నావైపు చూశాడు, నేను గడియారం వైపు చూశాను. ఇంజను గుడగుడమని ఆడుతోంది. ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

“ఊదేదా?”

“ఊదు.”

ఊదాడు. అవ్వ కళ్ళు మూసుకుని, కొండ మీద గాలి పీల్చినట్టు పీల్చింది.

“ఉల్లిగడ్డ బజ్జీ తిన్నావు” అంది. “ఎన్ని?”

“రెండేనమ్మా.”

“అబద్ధం.”

“నాలుగు.”

ఇద్దరూ నవ్వారు. ఏ ఊరు, ఎవరి అంగడి, నూనె మంచిదా కాదా అని ఆమె అడుగుతోంది, ఆయన చెబుతున్నాడు. ముల్లు మూడో చుట్టు పూర్తి చేసింది. నేను చెయ్యెత్తి, “మూడు నిమిషాలైంది చిన్నాయనా, ఇంక ఆపెయ్” అన్నాను.

అవ్వ నావైపు తిరిగి కూడా చూడలేదు.

“ఉండనీవే ఇంకొంచేపు” అంది.